బకిల్‌లో దొరికిన ఎర్ర పొడి

కారులో బెల్టు పెట్టుకున్నప్పుడు వచ్చే ఆ ‘టక్’ను మీరెప్పుడైనా శ్రద్ధగా విన్నారా? వినకపోయినా తప్పు లేదు. దాని గురించి మీరు ఆలోచించే అవసరం పడకూడదనే మేమంతా మేడ్చల్‌లో ఒక రేకుల షెడ్డు కింద అన్నేళ్లు పనిచేశాం. నాకు మాత్రం ఆ చప్పుడు వినకుండా ఉండటం చేతకాదు. రిటైరయ్యాక కూడా, ఎవరి కారెక్కినా మనసులో ఒక దండం పెట్టుకుని, బెల్టు లాగి, చప్పుడు విని, ఒకసారి గట్టిగా గుంజి చూసి, అప్పుడే వెనక్కి ఆనుకుంటాను. మా ఇంటి పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఇప్పుడిప్పుడే ఇలాంటి కంపెనీల్లో చేరుతున్న మీకు చిటికెడు ఎర్ర పొడి సంగతి ఒకటి చెప్పాలని చాలాకాలంగా ఉంది.

నేను బడిలో చదువుకున్న మనిషిని కాను. చిన్నప్పుడు ఆయాసం ఎక్కువ. చలికాలమంతా మంచం మీదే గడిచేది. మా నాయిన జీడిమెట్లలో లేతు మిషన్ మీద టర్నరు. సాయంత్రం ఇంటికొచ్చి, చేతుల నూనె కడుక్కుని, జేబులోంచి ఏదో ఒక ఇనుప ముక్క తీసి నా ముందు పెట్టేవాడు. “పైకెల్లి జూస్తే ఎట్లుంటది బిడ్డా? ముందలకెల్లి? పక్కకెల్లి?” అని అడిగేవాడు. నేను బండల మీద సుద్దముక్కతో మూడు బొమ్మలూ గీసేదాన్ని. చదవడం, రాయడం అమ్మ దేవుడి గూటి దగ్గర కూర్చోబెట్టి నేర్పింది. పరీక్షలు ప్రైవేటుగా కట్టాను. ఆ సుద్దబొమ్మలే నన్ను డ్రాయింగు సెక్షన్ దాకా తీసుకెళ్లాయి. మొదట ట్రేసింగు, తర్వాత కంప్యూటరు మీద డిజైను. వాళ్లిద్దరికీ, వాళ్లను నాకిచ్చిన దేవుడికీ ఇప్పటికీ రోజూ కృతజ్ఞత చెప్పుకుంటూనే ఉంటాను.

బకిల్ గురించి మీకు ఒక్క విషయం తెలిస్తే చాలు, మిగతా కథ అర్థమవుతుంది. సీటు పక్కన ఎర్ర బటన్‌తో ఉండే డబ్బా బకిల్. అందులోకి దూర్చే ఇనుప పలకను టంగ్ అంటాం. దాని మధ్యలో ఒక కిటికీ ఉంటుంది. టంగ్ లోపలికి పోగానే ఒక ఉక్కు ముక్క ఆ కిటికీలో పడి కూర్చుంటుంది. మీరు వినే టక్ అదే. ఎర్ర బటన్ నొక్కితే ఆ ఉక్కు ముక్క పైకి లేస్తుంది. అప్పుడు లోపల స్ప్రింగు మీద ఉన్న ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క టంగును బయటికి తోసేస్తుంది.

ఈ తోసే ముక్కను ఎవరూ పట్టించుకోరు గానీ, దానికి ఇంకో పెద్ద పని ఉంది. తొందరలో టంగ్ సగమే దూరి, లాక్ పడకపోతే, దాన్ని అక్కడికక్కడే బయటికి ఉమ్మేయాలి. ఉమ్మేస్తే మనిషి చూసుకుని మళ్లీ పెట్టుకుంటాడు. ఉమ్మేయకుండా సగంలో పట్టుకుని ఉంటే, బెల్టు పెట్టుకున్నాననే నమ్మకంతో బండి తోలుతాడు. బెల్టు లేని మనిషికన్నా ఉందనుకునే మనిషికే ప్రమాదం ఎక్కువ. నాకు ఈ పని నేర్పిన పెద్దాయన కొత్తవాళ్లందరితో ఒకే మాట అనేవారు. “బకిల్ మింగాలె, లేకుంటే కక్కాలె. నోట్ల పెట్టుకొని కూసోవద్దు.”

ఇక ఆపా గురించి. వయసులో నాకంటే చిన్నదే అయినా షెడ్డులో అందరూ ఆమెను ఆపా, అంటే అక్క, అనే పిలిచేవారు, నేనూ అంతే. శామీర్‌పేట నుంచి వచ్చేది. భర్త అక్కడే కౌలు మడిలో ఆకుకూరలు, నాలుగు నిమ్మచెట్లు పెట్టుకున్నాడు. బోరు ఎండిన ఏడాది ఇల్లు ఆపా జీతం మీదే నడిచేది. లైన్ చివర్లో తయారైన ప్రతి బకిల్‌లో టంగ్ దూర్చి, చప్పుడు విని, గుంజి చూసి, బటన్ నొక్కి, వెనక ఒక రంగు చుక్క పెట్టడం ఆమె పని. చెకింగులో ఒక్కొక్కరిది ఒక్కో రంగు. ఆపాది ఆకుపచ్చ.

దసరాకు ముందురోజు మా షెడ్డులో ఆయుధపూజ జరిగేది. కంపెనీ యజమానిని పెద్దసారు అనేవాళ్లం. ఆయన తల్లి, మా అందరికీ పెద్దమ్మ, కౌకూర్ ఇంటి నుంచి పూజకు వచ్చేది. బజారు కుంకుమ ముట్టేది కాదు. పసుపులో సున్నం కలిపి, ఎర్రగా మారాక నీడలో ఆరబెట్టి, గుడ్డలో జల్లించి వెండి భరిణెలో తెచ్చేది. ప్రతి మిషన్‌కూ, ప్రతి ఫిక్చర్‌కూ తన చేత్తోనే పసుపు పూసి బొట్లు పెట్టేది. ఫిక్చర్ అంటే పని జరిగేటప్పుడు బకిల్ కదలకుండా పట్టి ఉంచే ఇనుప గూడు. గూటి మీద ఒక అడ్డకమ్మీ ఉంటుంది. చూడ్డానికి నుదురులా ఉంటుందని పెద్దమ్మ బొట్టు అక్కడే పెట్టేది. ఆ ఏడాది ముందురోజంతా కూర్చుని ఫిక్చర్లన్నీ కిరోసిన్‌తో తుడిచి తళతళలాడించింది ఆపానే. పూజ వేళ ఆమె చివర్లో నిలబడి, ప్రసాదం అరటిపండు రెండు చేతులా అందుకోవడం నాకు గుర్తుంది.

పండుగ అయి కొన్ని వారాలు గడిచాక, కార్ల సీట్లు చేసే మా కస్టమర్ దగ్గర్నుంచి ఒక పెట్టె తిరిగొచ్చింది. అందులో బకిళ్లు కొన్ని టంగును సగంలో పట్టుకుని కూర్చుంటున్నాయి. మింగడం లేదు, కక్కడం లేదు. వాళ్ల లైన్‌లోనే పట్టుబడ్డాయి, ఒక్కటీ రోడ్డు మీదికి పోలేదు. ఆ ఒక్క విషయానికి ఆ రోజు నేను దేవుడికి ఎన్ని దండాలు పెట్టుకున్నానో!

బకిళ్లను విప్పి చూశాం. తోసే ముక్క జారే గాడిలో, గ్రీజుతో కలిసి ముద్దకట్టి, ఎర్ర పొడి.

ఎర్ర పొడి చూడగానే ఎర్ర బటన్ గుర్తొస్తుంది కదా. బటన్‌కూ పైకవరుకూ మధ్య ఎంత సందు ఉండాలో గీసింది నేను. సందు తక్కువైతే బటన్ కవరుకు రాసుకుని అరిగి పొడి రాలుతుంది. టెస్టు మిషన్‌కు బకిళ్లు కట్టి రోజుల తరబడి బటన్లు నొక్కించాను. పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఒక్క రేణువు కూడా రాలలేదు. మా సెక్షన్‌లో కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయి కొలతలన్నీ మళ్లీ తీసింది. “డ్రాయింగ్ పర్ఫెక్ట్ మేడం! మీరు ఇగ మంచిగ అన్నం తినుండ్రి” అంది.

నిజంగానే ఆ పూట కడుపునిండా తిన్నాను. సాయంత్రానికి తెలిసింది, నా డ్రాయింగు తప్పు కాదని తేలిన మరుక్షణమే ఇంకొకరి తప్పైందని.

మేనేజరు లెక్క తేలికగానే ఉంది. డిజైను బాగానే ఉంది, బటన్లు బాగానే వచ్చాయి, అంటే బిగించేటప్పుడే ఎవరో బటన్‌ను వంకరగా పెట్టి బలంగా నొక్కారు, అది చెక్కుకుపోయి పొడి రాలింది. తిరిగొచ్చిన బకిళ్లన్నిటి మీదా ఆకుపచ్చ చుక్క. దసరా మర్నాడు సగం మంది సెలవులో ఉంటే, అర్జెంటుగా కావాలన్న ఒక చిన్న లాటు సరుకుకు ఆపా ఒక్కతే బకిల్ బిగించే ప్రెస్సు మీదా, చెకింగులోనూ చేసింది. ఇంకేం కావాలి?

“వచ్చే సోమవారం కస్టమర్ మనిషి వస్తడు మేడం,” అన్నాడు మేనేజరు. “ఆపరేటర్ తప్పు, మనిషిని తీసేసినం అని చెప్తే గక్కడికి ఖతం.”

“తీసేస్తే ఆమె ఎక్కడికి పోతది సార్?”

“మేడ్చల్‌ల కంపెనీలకు కరువా?”

కరువు లేదు. కానీ ఇక్కడి షెడ్లన్నీ ఒకదానికొకటి తెలిసినవే. బకిల్ పని సరిగ్గా చేయలేదని పంపేసిన మనిషిని ఇంకో గేటు దగ్గర లోపలికి రానివ్వరని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆయన చెడ్డమనిషి అనుకోకండి. చీటికీ మాటికీ మా తప్పులు తన నెత్తిన వేసుకునేవాడే. ఆ వారం నెత్తిన చోటు లేదంతే.

నాకు ఒకటి అంతుపట్టలేదు. ఇంజనీరమ్మాయి మైక్రోస్కోపులో చూసి, “మేడం, బటన్ గీకితే పీలికలు పీలికలుగ వస్తాంది. గీ పొడి జూడుండ్రి, పిండి లెక్కనే ఉంది” అంది. నేనూ చూశాను. నిజంగా పిండే. ప్లాస్టిక్ ఎక్కడైనా పిండి అవుతుందా? గ్రీజు కడిగేసి, ఆరబెట్టి, ఆ పొడిని తెల్లకాగితంలో మడిచి వెంట తిప్పుకోవడం మొదలుపెట్టాను. బస్సులో తీసి చూసేదాన్ని. పూజ దగ్గర కూర్చున్నప్పుడు కూడా మనసు దాని మీదికే పోయేది. దేవుడు కోపగించుకుని ఉండడు. ఆ కుతూహలం కూడా ఆయనిచ్చిందే.

శుక్రవారం మధ్యాహ్నం స్టోర్ వెనక గట్టు మీద నేనూ ఆపా కలిసి అన్నానికి కూర్చున్నాం. తనను తీసేస్తారన్న మాట అప్పటికే ఆమె చెవిన పడింది. అయినా రోజూలాగే డబ్బా విప్పి ఖట్టా దాల్ నా మూతలో పోసింది, నా పప్పుచారు తన మూతలో పోయించుకుంది. ఉల్లిపాయ ముక్కల మీద తమ చెట్టు నిమ్మకాయ పిండుతోంది. నేను ఒక చేత్తో తింటూ, రెండో చేత్తో కాగితం విప్పి మళ్లీ పొడి చూస్తున్నాను.

“అన్నం తినేటప్పుడన్న గా కాగితం లోపట పెట్టరాదు అక్కా? పిల్లలు ఫోన్ జూసినట్టు జూస్తున్నవ్.”

“నీ గురించే ఆపా చూసేది.”

“నా గురించి అల్లా జూస్తడు గని, నువ్వు బుక్క పెట్టు” అని నవ్వుతూ నిమ్మచెక్కను ఇటు తిప్పింది. ఒక చుక్క ఎగిరి కాగితం మీద పడింది.

చుక్క పడినచోట ఎరుపు పోయి పసుపు తేలింది.

ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాను. నిమ్మచెక్క ఆమె చేతిలోంచి లాక్కుని ఇంకో చుక్క పిండాను. మళ్లీ పసుపు. దిష్టి తీసే నీళ్లు మీ ఇళ్లలో కలుపుతారా ఇప్పుడు? పసుపు నీళ్లలో చిటికెడు సున్నం వేస్తే ఎర్రబడతాయి. అందులో నిమ్మరసం పిండితే ఆ ఎరుపు విరిగి మళ్లీ పసుపవుతుంది. చిన్నప్పుడు మంచం మీద కూర్చుని ఆ నీళ్లతో ఎన్నిసార్లు ఆడుకున్నానో! ప్లాస్టిక్‌కు నిమ్మకాయంటే ఏం తెలుస్తుంది? ఇది కుంకుమ. అదీ బజారుది కాదు, పసుపూ సున్నం కలిపి ఇంట్లో చేసింది.

“ఆపా, దొరికింది!” అని చిన్నపిల్లలా కేకపెట్టాను.

ఆపా డబ్బా మూత పెట్టేసింది. అప్పుడు చూశాను ఆమె ముఖం.

“నీకు ముందే తెలుసా?”

“తెల్సని గాదు అక్కా. అనుమానముండె.” మెల్లగా చెప్పింది. “పండుగ తెల్లారి వచ్చి జూస్తే అడ్డకమ్మీ మీద పసుపు, బొట్లు అట్లనే ఉన్నయ్. ప్రెస్సు దెబ్బ పడ్డప్పుడల్లా జరంత జరంత రాలుతున్నట్టే అనిపిచ్చింది. ఊదుకుంట పని జేసిన. చెకింగుల అన్నీ మంచిగనే టక్కుమన్నయ్, నీ మీద ఒట్టు.”

చెకింగులో టక్కుమనే ఉంటాయి. లారీ కుదుపుల్లో ఆ పొడి గాడిలోకి జారి గ్రీజుతో ముద్దకట్టడం ఆ తర్వాతి ముచ్చట.

“మరి తుడవకపోయావా ఆపా?”

“ఎట్ల తుడుస్త? పెద్దమ్మ పెట్టిన బొట్టు అది. దర్గాల నేను పెట్టొచ్చిన పువ్వును తెల్లారే ఎవరన్న ఊడ్చి పారేస్తే నాకు మంచిగనిపిస్తదా? దానంతటది పోయేదాంక ఉంచాలె అనుకున్న.”

“సారుకు చెప్పొచ్చు కదా, ఇప్పుడైనా.”

“ఏమని జెప్పాలె? మీ కుంకుమతోని ఖరాబైంది సార్ అని నేను జెప్పాల్నా?” ఆమె గొంతు పెరగలేదు. “నువ్వే సోచాయించు అక్కా. కొల్వు పోతే ఇంకోటి దొర్కుతదో దొర్కదో. గా మాట మాత్రం నా నోట్లకెల్లి రావద్దు.”

ఆ షెడ్డులో అందరికంటే ఎక్కువ మర్యాద చూపించిన మనిషి ఆమె. ఆ మర్యాదకే ఉద్యోగం పోబోతోంది. నేను మిగిలిన అన్నం తినలేకపోయాను.

అక్కణ్ణుంచి నేరుగా మేనేజరు దగ్గరికి పోయాను. ఆయన కాగితం మీది పసుపు మచ్చ చూశాడు, కుర్చీలో వెనక్కి వాలాడు.

“మేడం, మీరు రోజు పూజ జేసుకునే మనిషి. మీరే గిట్లంటరా? పెద్దమ్మ పెట్టిన బొట్టుతోని బకిళ్లు ఖరాబైనయ్ అని పెద్దసారుకు నేను జెప్పాల్నా?”

“నేను చెబుతాను సార్.”

“ఊకోండ్రి. ఆపాకు ఇంకో కాడ నేనే మాట్లాడుత. ఇది మాత్రం మీరు మర్శిపోండ్రి.”

మరిచిపోలేదు, అలాగని పెద్దసారు గదికీ పోలేదు. శుక్రవారం సాయంత్రం, శనివారం అంతా ఆ మాటను నోట్లోనే పెట్టుకుని తిరిగాను. పెద్దమ్మ అంటే నాకు తల్లి తర్వాత తల్లి. నేను ఆయాసంతో నెలరోజులు రాలేకపోతే కషాయం కాచి పంపిన మనిషి. ఆమె చేతి కుంకుమ మా ఇంట్లో దేవుడి దగ్గర ఉంది. దాని మీద నింద వేసే నోరు నాకెలా వస్తుంది?

ఆదివారం పొద్దున దీపం పెట్టి, కుందికి బొట్టు పెడుతూ చెయ్యి ఆపాను. నేను బొట్టు ఎక్కడ పెడుతున్నాను? అమ్మ నేర్పినట్టే కుంది కాడకు. నూనె, వత్తి ఉండే చోట ఎప్పుడూ పెట్టలేదు. వెంటనే నాయిన లేతు గుర్తొచ్చింది. ఆయుధపూజకు నన్ను భుజం మీద ఎక్కించుకుని జీడిమెట్లకు తీసుకుపోయేవాడు. మిషన్ కాలికి పసుపు రాసి బొట్టు పెట్టేవాడు. పైన మెరిసే ఉక్కు మీద పెడతానని నేను మారాం చేస్తే, “మిషన్ నడిచేకాడ గాదు బిడ్డా, నిలబడేకాడ పెట్టాలె. నడిచేకాడ పెడితే దానికి ఊపిరాడదు” అనేవాడు. ఆయాసం పిల్లకు ఆ మాట బాగానే అర్థమైంది. మధ్యలో ఎప్పుడో మరిచిపోయాను. దేవుడు నాయిన చేతా, అమ్మ చేతా మళ్లీ చెప్పించినందుకు ఆ ఉదయం చాలాసేపు దీపం ముందు నుంచి లేవలేకపోయాను. దోషం కుంకుమది కాదు, పెట్టిన చోటుది. ఆ మాట చెప్పడానికి నాకు నోరొస్తుంది.

సోమవారం మీటింగు గదిలో పెద్దసారు, మేనేజరు, కస్టమర్ దగ్గర్నుంచి వచ్చిన ఆడిటరు, నేను, ఇంజనీరమ్మాయి ఉన్నాం. ఆపాను బయట బెంచీ మీద కూర్చోమన్నారు. మేనేజరు గొంతు సవరించుకుని, “ఇది ఆపరేటర్ సైడ్ నుంచి...” అని మొదలుపెట్టాడు.

“ఒక్క నిమిషం సార్” అని లేచి, సంచీలోంచి నిమ్మకాయ తీశాను.

ఆడిటరు కళ్లద్దాలు సవరించుకున్నాడు. “దిష్టి తీస్తారా మేడం?”

“అలాంటిదే సార్.”

ఇంజనీరమ్మాయి తెల్లకాగితం మీద మూడు చిన్న కుప్పలు పోసింది. ఒకటి బటన్ గీకిన పొడి, ఒకటి బజారు కుంకుమ, ఒకటి బకిళ్లలో దొరికింది. మూడింటి మీదా నిమ్మరసం పిండాను. రెండు ఎర్రగానే ఉన్నాయి. మూడోది పసుపైంది. ఆడిటరు కుర్చీ ముందుకు జరుపుకుని, “మళ్లీ చేయండి” అన్నాడు. మళ్లీ చేశాను. అడ్డకమ్మీ కింద తెరిచి ఉన్న బకిల్ ఎలా కూర్చుంటుందో బోర్డు మీద గీసి చూపించాను. పైనుంచి, ముందునుంచి, పక్కనుంచి.

పెద్దసారు పొడిని వేలికి అద్దుకుని వాసన చూశాడు. ఆ వాసన ఆయనకు పుట్టినప్పటి నుంచీ తెలిసినదే.

“మా అమ్మ కలిపింది” అన్నాడు.

నేను ధైర్యం చేసి మిగతాది చెప్పాను. ఎవరు ఫిక్చర్లు తుడిచి పూజకు సిద్ధం చేశారో, మర్నాడు ఎవరు ఆ బొట్టును తుడవడానికి చెయ్యి రాక ఊదుకుంటూ పనిచేశారో, ఎవరు ఇన్నాళ్లూ నోరు విప్పలేదో.

పెద్దసారు లేచి బయటికి పోయాడు. కోపమొచ్చిందనుకున్నాం. మేనేజరు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కానీ పెద్దసారు కారు కౌకూర్ వైపు పోయింది. మధ్యాహ్నం తిరిగొచ్చినప్పుడు పక్కసీట్లో పెద్దమ్మ ఉంది.

ఆమె ఒక చేత్తో గోడ పట్టుకుంటూ నేరుగా లైన్ చివరికి పోయింది. ఆపా లేచి నిలబడి కొంగు తల మీదికి లాక్కుంది.

“ఎందుకు తుడవలే బిడ్డా?”

“మీరు పెట్టిండ్రు గదమ్మా.”

“నేను పెట్టిన. పెట్టినదానికి తుడిచే తెలివి గూడ నాకే ఉండాలె గద?” అని, కమ్మీ మూలల్లో ఇంకా మిగిలి ఉన్న పసుపును తన చీర కొంగుతోనే గట్టిగా రుద్ది తుడిచింది. తుడుస్తూ తుడుస్తూనే మేనేజరు వైపు తిరిగింది. “ఏమయ్యా, గీ పిల్లను పంపిచ్చేస్తున్నవంట?”

“అట్లేం లేదమ్మా...”

“లేకుంటే సంతోషం. నువ్వు గూడ ఒక గుడ్డ పట్టు. గా పక్కది తుడువు.”

మేనేజరు తుడిచాడు. నేనూ తుడిచాను. ఆడిటరు కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. చివరికి పెద్దమ్మ ఆపా చెయ్యి పట్టుకుని, “వచ్చే పండుగకు ఎక్కడ పెట్టాల్నో నువ్వే చూపెట్టు. నాకు కండ్లు సరిగ ఆనుతలేవు” అంది. ఆపా అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చింది. ఆ తర్వాత ఆమె ఆ లైన్ మీదే ఉంది. నేను రిటైరైన రోజున నా చేతికి నిమ్మకాయల సంచీ ఇచ్చి పంపిందీ ఆమెనే.

ఆ లాటులో మిగిలిన బకిళ్లన్నీ వెనక్కి తెప్పించి విప్పి కడిగాం. నాకు మాత్రం ఇంకో పని మిగిలింది. వచ్చే దసరాకు బొట్టు ఎక్కడ పెట్టాలన్న అనుమానం ఎవరికీ రాకూడదని, ఫిక్చర్ కాలికి కింద, పని జరిగే చోటికి దూరంగా, రూపాయి బిళ్లంత గుండ్రటి ఇత్తడి పలక ఒకటి గీసి, అన్ని ఫిక్చర్లకూ చేయించాను. డ్రాయింగులో ప్రతి ముక్కకూ పేరుండాలి. దీనికేం పేరు పెట్టాలో తెలియక చాలాసేపు కూర్చుని, చివరికి ‘బొట్టు బిళ్ల’ అని రాశాను. నా ఉద్యోగం మొత్తంలో కదలని, దేన్నీ పట్టని, దేన్నీ తోయని ముక్క నేను గీసింది అదొక్కటే. ఆ డ్రాయింగు మీద సంతకం చేస్తుంటే నాయిన పక్కన నిలబడి చూస్తున్నట్టే అనిపించింది.

మరుసటి ఏడాది తనిఖీకి కస్టమర్ తరఫున వేరే ఆడిటరు వచ్చాడు, కుర్రవాడు. డ్రాయింగు పట్టుకుని ఒక్కో ముక్కా సరిచూసుకుంటూ ఫిక్చర్ కాలి దగ్గర ఆగాడు. వంగి చూశాడు. అద్దంలా తుడిచిన ఇత్తడి బిళ్ల, దాని మీద పసుపు, మధ్యలో పెద్దమ్మ పెట్టిన బొట్టు.

“ఈ పార్ట్ దేనికి? దీనికి ఫంక్షన్ ఏమీ కనిపించట్లేదే” అన్నాడు.

మేనేజరు నా వైపు చూశాడు. నేను ఆపా వైపు చూశాను. ఆమె తన చేతిలోని బకిల్‌లోకి టంగ్ దూర్చి, టక్కుమన్నాక గట్టిగా ఒకసారి గుంజి చూసి, ఆకుపచ్చ చుక్క పెట్టి, అప్పుడు తలెత్తింది.

“గా బిళ్ల లేకుంటే బకిల్ లాక్ గాదు సార్” అంది.